ల్యాప్ స్టీల్ మీద బార్ వెనక తీగ లాగితే శ్రుతి తిరిగి రావట్లేదు, ఏం మార్చాలి?

గుంటూరు_స్లైడ్

ఆరు తీగల ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్, అంటే ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఉక్కు కడ్డీ (బార్) జారుస్తూ వాయించే గిటార్. స్కేల్ (తీగ మోగే పొడవు) 22.5 అంగుళాలు. ఓపెన్ ఈ ట్యూనింగ్ (ఖాళీ తీగలు మీటితేనే ఈ మేజర్ కార్డ్), మందం తీగ నుంచి సన్న తీగకి ఈ, బీ, ఈ, జీ షార్ప్, బీ, ఈ. తీగల నంబర్లు మాత్రం సన్న తీగ నుంచి లెక్క. బార్ బుల్లెట్ రకం, గుండ్రటిది, బరువైనది.

కాలి పెడల్స్‌తో తీగల శ్రుతి మార్చే పెడల్ స్టీల్‌లో వచ్చే ఆ ఏడుపు రాగం లాంటి మలుపు నాకు కావాలి. పెడల్ స్టీల్ కొనే స్తోమత లేదు. అందుకని బార్ వెనక ఉంగరం వేలితో తీగ లాగుతున్నా. మూడో తీగని జీ షార్ప్ నుంచి ఏకి అర స్వరం, రెండో తీగని బీ నుంచి సీ షార్ప్‌కి పూర్తి స్వరం.

ఇబ్బందులు ఇవి. రెండో తీగ పూర్తి స్వరం దాకా వెళ్లడం లేదు, వేలు కోసుకుపోతోంది. లాగి వదిలాక శ్రుతి కొంచెం దిగిపోయి ఉంటోంది. లాగేటప్పుడు బార్ పైకి లేచి పక్క తీగలు జుయ్యిమంటున్నాయి. సన్న తీగలు వేసుకోమని ఒకరు చెబితే రెండోదానికి 0.011 అంగుళాల మందం తీగ వేశాను. వేలికి సుఖంగానే ఉంది కానీ బార్ పెడితే తీగ కిందికి కుంగుతోంది, నాదం పీలగా వస్తోంది. పైగా ఇప్పుడు కూడా పూర్తి స్వరానికి అంతే దూరం లాగాల్సి వస్తోంది. ఇదెలా?

వీణ_విజయనగరం

బార్ చేతిలో ఉండగా తీగ లాగడం దేనికండీ? జరిపితే సరిపోదా? వీణలో మెట్టు కదలదు కాబట్టి తీగని పక్కకి లాగి గమకం తీస్తాం. మీకు మెట్లే లేవు. హాయిగా జారిపోవచ్చు కదా.

డల్లాస్_బాబాయ్

వీణ గారూ, ఒక్క తీగ మీద వాయించేటప్పుడు మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇతను మూడు తీగలు కలిపి మోగిస్తున్నాడు. బార్ జరిపితే మూడూ కలిసి జరుగుతాయి. ఇతనికి కావల్సింది ఒకటి నిలబడి ఉండగా మిగతా రెండూ కదలడం.

ఓపెన్ ఈలో పైన మూడు తీగలు జీ షార్ప్, బీ, ఈ. అది ఈ మేజర్. ఇప్పుడు జీ షార్ప్‌ని ఏకి, బీని సీ షార్ప్‌కి ఎత్తండి. ఏ, సీ షార్ప్, ఈ అయింది, అంటే ఏ మేజర్. పైన ఈ తీగ కదల్లేదు. ఆ నిలబడ్డ స్వరం చుట్టూ మిగతావి పాకుతుంటే వచ్చేదే ఆ ఏడుపు. పెడల్ స్టీల్ ఈ9 ట్యూనింగ్‌లో మొదటి రెండు పెడల్స్ చేసేది సరిగ్గా ఇదే. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' రికార్డులో బడ్ ఐజాక్స్ తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కాడు. అంతకుముందు కూడా పెడల్స్ ఉన్నాయి, గిబ్సన్ వాళ్ల ఎలక్ట్రాహార్ప్ 1940 నాటిది, కానీ ఎక్కువగా ట్యూనింగ్ మార్చుకోవడానికే వాడేవారు. ఆ ఒక్క రికార్డుతో నాష్‌విల్ కంట్రీ సంగీతంలో స్టీల్ వాయిద్యం దారి మారింది.

వీణ_విజయనగరం

సరే, ఒప్పుకుంటున్నా. మాకు శ్రుతి తీగలు పక్కన మోగుతూనే ఉంటాయి కాబట్టి ఆ అవసరం తెలియలేదు.

నట్టు_బోల్టు

ముందు రెండో ఇబ్బంది చూద్దాం, అది అన్నిటికన్నా తేలిక. తీగ లాగి వదులు. శ్రుతి దిగింది కదా? ఇప్పుడు నట్‌కీ (కీల వైపు తీగలు గాడుల్లో ఆనే పట్టీ) ట్యూనింగ్ కీకీ మధ్య ఉన్న తీగ ముక్కని వేలితో ఒకసారి గట్టిగా నొక్కి వదులు. శ్రుతి మళ్లీ పైకి వచ్చిందా లేదా చెప్పు. మిగతాది తర్వాత.

గుంటూరు_స్లైడ్

వచ్చింది! పూర్తిగా కాదు గానీ చాలావరకు.

నట్టు_బోల్టు

అయితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. లాగినప్పుడు కీ వైపు ఉన్న తీగ కొంచెం గాడి దాటి ఇవతలికి వస్తుంది. వదిలాక అది వెనక్కి పోవాలి. గాడి పట్టేస్తే పోదు, ఇవతల తీగ వదులుగా మిగిలిపోతుంది, శ్రుతి దిగుతుంది. నువ్వు అవతల నొక్కినప్పుడు దాన్ని వెనక్కి గుంజావు.

చేయాల్సింది: తీగ వదులు చేసి గాడిలోంచి తీసెయ్యి. గాడి అడుగు చూడు. ముందు సన్న తీగ ఉండి తర్వాత లావు తీగ వేస్తే పక్కలు బిగుస్తాయి. పాత తీగ ముక్కకి బాగా నునుపైన గరుకు కాగితం, 600 లేదా 1000 నంబరుది, చుట్టి గాడిలో అటూ ఇటూ లాగు. లోతు పెంచకు, నునుపు చెయ్యి చాలు. తర్వాత మెత్తటి పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దు. కీ మీద తీగ చుట్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడు. రెండు మూడు చుట్లు వరుసగా కిందికి పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే లాగినప్పుడల్లా సర్దుకుంటూ శ్రుతి దించుతుంది.

మిగిలిన కాస్త తేడా దీనివల్లే అయ్యుండొచ్చు.

రాజమండ్రి_రాగాలు

పెన్సిల్ ముల్లుకి 2బీ కన్నా 6బీ మేలు. పిల్లాడి డ్రాయింగ్ డబ్బాలోంచి లేపేశా, ఇంకా అడగలేదు.

కాకినాడ_కీస్

సన్న తీగల గురించి నేను ఒప్పుకోను. నేను మొత్తం సెట్టు సన్నవే వాడతా, బెండ్లు (తీగ లాగుళ్లు) వెన్నలా వస్తాయి. స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లంతా సన్న తీగలు వేసేది అందుకే కదా. గుంటూరు అన్న బార్ బరువు తగ్గించుకుంటే చాలు, తీగ మార్చక్కర్లేదు.

నట్టు_బోల్టు

కాకినాడ తమ్ముడూ, వేలికి సుఖం నిజం. దూరం తగ్గుతుందన్నది మాత్రం నిజం కాదు. మొదటి పోస్టులో అతను అడిగిందే అది, అందుకే లెక్క చెబుతా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

అర స్వరం ఎత్తాలంటే తీగలో బిగువు సుమారు 12 శాతం పెరగాలి. పూర్తి స్వరానికి 26 శాతం. ఇది ఏ తీగకైనా ఒకటే. ఆ బిగువు ఎక్కడినుంచి వస్తుంది? తీగ సాగడం నుంచి. ఉక్కు తీగ ఎంత సాగితే ఎంత బిగువు పెరుగుతుందన్నది దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. లావు తీగ అదే స్వరానికి ఎక్కువ బిగువుతో ఉంటుంది, సాగదీస్తే దాని బిగువు కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. కాబట్టి చుట్టు లేని తీగ (పైన వేరే తీగ చుట్టనిది) 0.011 అయినా 0.014 అయినా ఒకే స్వరంలో ఉంటే, పూర్తి స్వరానికి సాగాల్సిన పొడవు ఒకటే. మారేది నీ వేలు పెట్టాల్సిన బలం మాత్రమే.

బీ స్వరంలో, 22.5 అంగుళాల స్కేల్ మీద, 0.014 తీగ బిగువు 6.3 కిలోల దగ్గర ఉంటుంది. 0.011 అయితే 3.9 కిలోలు. అందుకే బార్ పెట్టగానే కుంగుతోంది. 200 గ్రాముల పైన ఉన్న ఉక్కు కడ్డీని 3.9 కిలోల తీగ మోయలేదు, మోసినా నాదం ఉండదు.

ఇక సాగే పొడవు. బీ నుంచి సీ షార్ప్‌కి కీ దాకా ఉన్న ముక్కతో కలిపి తీగ అర మిల్లీమీటరు సాగితే చాలు. జీ షార్ప్ నుంచి ఏకి అందులో మూడో వంతు. ఏడో ఫ్రెట్ గీత (మెట్టు బదులు గీసిన గుర్తు) దగ్గర బార్ పెట్టి, దానికి 6 సెంటీమీటర్ల వెనక లాగితే పూర్తి స్వరానికి తీగ పక్కకి సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు జరగాలి, వేలు మీద కిలోంపావు బలం పడుతుంది. మూడో ఫ్రెట్ దగ్గర అయితే నాలుగున్నర మిల్లీమీటర్లు చాలు కానీ బలం 1.8 కిలోలు. నట్‌కి దగ్గరయ్యేకొద్దీ వేలు ఓడిపోతుంది.

కాకినాడ_కీస్

అంటే నాకు వెన్నలా వస్తోందని అనిపించేది బలం తక్కువై, దూరం వల్ల కాదంటావు. సరే, కానీ వేలికి బలం తక్కువ పడితే అదే కదా కావల్సింది? దూరం ఎవడిక్కావాలి?

నట్టు_బోల్టు

తీగల మధ్య చోటు ఉన్నవాడికి అక్కర్లేదు. మామూలు గిటార్‌కి నట్ ఎత్తు పెంచి ల్యాప్ స్టీల్‌గా వాడేవాళ్లకి నట్ దగ్గర తీగకీ తీగకీ మధ్య 7 మిల్లీమీటర్లే. ఆరున్నర లాగితే పక్క తీగ మీద పడ్డట్టే. అందుకే ఎంత జరగాలన్నది ముఖ్యం.

బెజవాడ_బుల్లెట్

ఇక్కడ టెన్షన్ తీగకా మాకా

డల్లాస్_బాబాయ్

నట్టు లెక్క నా అనుభవానికి సరిపోయింది. నేను ఓపెన్ ఈలో పైనుంచి 0.012 లేదా 0.013, 0.014 లేదా 0.015, 0.017 వేస్తా. మూడోది మాత్రం చుట్టు లేనిదే ఉండాలి. మామూలు ఎకూస్టిక్ సెట్లలో మూడో తీగ చుట్టుతో వస్తుంది. చుట్టు తీగలో సాగేది లోపలి సన్న ఊచ మాత్రమే, పైన చుట్టిన కంచు తీగకి బరువు తప్ప పని లేదు. దాన్ని అర స్వరం ఎత్తాలంటే చాలా దూరం లాగాలి. బెండ్ల కోసం సెట్టు కొనకండి, విడి తీగలు కొనండి.

కోల్‌కతా_సరోజ

నేను బారక్‌పూర్ వైపు ఉంటాను, పెళ్లయి వచ్చాక ఇక్కడే హవాయన్ గిటార్ (ఇదే ఒళ్లో వాయించే గిటార్) నేర్చుకున్నాను. బెంగాల్‌లో ఇంటింటికీ ఒకప్పుడు ఈ వాయిద్యం ఉండేది. 1940లలో టౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో కలకత్తాలో ఉండి చాలామందికి దీని రుచి చూపించారు. తర్వాత సునీల్ గంగూలీ లాంటివాళ్లు సినిమా పాటలు దీని మీద వాయించి ఇంటింటికీ చేర్చారు. 1967లో బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' చేశాక హిందుస్తానీ వాళ్లు కూడా దీన్ని చిన్నచూపు చూడటం మానేశారు.

ఇంత చెప్పి అసలు మాట. ఇక్కడ మా గురువులెవరూ బార్ వెనక తీగ లాగడం నేర్పలేదు. మీండ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) అంతా బార్ జారుడే. కాబట్టి వీణ గారి ప్రశ్న తప్పేం కాదు. నేను లాగడం మొదలుపెట్టింది రవీంద్ర సంగీతానికి తోడుగా కార్డ్స్ వాయించాల్సి వచ్చినప్పుడు.

నా ఎకూస్టిక్ మీద నట్ పైన తొడుగు వేసి తీగలు ఎత్తాను. నిలువుగా నొక్కుడు ఉన్నంతవరకు అది కదల్లేదు. పక్కకి లాగడం మొదలవగానే తొడుగే తీగతోపాటు జరగడం మొదలైంది! తొడుగు వాడేవాళ్లు కొంచెం బరువైన లోహపుది, గాడి లోతుగా ఉన్నది చూసుకోండి. అడుగున పలుచని తోలు ముక్క పెడితే నిలబడుతుంది.

రాజమండ్రి_రాగాలు

సరోజ గారూ, ఎకూస్టిక్ మీద ఒక తీగ లాగితే మిగతావి శ్రుతి దిగడం లేదా? నాకు రెండోది లాగితే ఒకటో తీగ కాస్త దిగినట్టు వినిపిస్తుంది. చర్చిలో కీబోర్డుతో కలిపి వాయిస్తాను, కీబోర్డు అన్న నా వైపు చూస్తాడు.

కోల్‌కతా_సరోజ

దిగుతుంది. పైపలక పలుచన కదా, ఒక తీగ బిగువు పెరగ్గానే పలక కొంచెం వంగి మిగతా తీగల బిగువు తగ్గుతుంది.

నట్టు_బోల్టు

పెడల్ స్టీల్ వాళ్లకి కూడా ఇదే తలనొప్పి, వాళ్లు దాన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. పెడల్ తొక్కితే కదలకూడని తీగ కొద్దిగా దిగుతుంది. గట్టి చెక్క ల్యాప్ స్టీల్‌లో తక్కువ, ఎకూస్టిక్‌లో ఎక్కువ. లాగే తీగ ఎంత సన్నదైతే అంత తక్కువ దిగుతుంది, ఈ ఒక్క విషయంలో కాకినాడకి మార్కు ఇవ్వాలి.

కాకినాడ_కీస్

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

గుంటూరు_స్లైడ్

నట్ గాడి నునుపు చేశా, పెన్సిల్ రుద్దా, చుట్లు మళ్లీ వేశా. 0.014, 0.017 వేశా. శ్రుతి ఇప్పుడు తిరిగి వస్తోంది. ఏడో ఫ్రెట్ మీద పూర్తి స్వరం అందుతోంది, మూడో ఫ్రెట్ మీద లెక్కలో చెప్పినట్టే వేలు ఒప్పుకోవట్లేదు. బార్ లేచి పక్క తీగలు జుయ్యిమనడం మాత్రం అలాగే ఉంది. అదీ కాక రెండు తీగలూ ఒకే వేలితో కలిపి లాగితే మూడోది మరీ ఎక్కువ ఎగిరిపోతోంది.

డల్లాస్_బాబాయ్

నువ్వు తీగని పైకి ఎత్తుతున్నట్టున్నావు. బార్ తీగల పైన కూర్చుంటుంది. వెనక తీగ పైకి లేపితే అది బార్‌ని కింది నుంచి తంతుంది, బార్ ఆ పక్కన లేస్తుంది, మిగతా తీగలు వదులవుతాయి. వేలి కొనని తీగకి అవతలి పక్క దింపి నీ వైపుకి లాగు, పైకి కాదు. అలాగని కిందికి నొక్కినా కుదరదు, తీగ బార్‌ని వదిలేసి చిల్లు పడ్డ శబ్దం వస్తుంది. ఫింగర్‌బోర్డుకి సమాంతరంగా పక్కకి రావాలి.

బొటనవేలు, మధ్యవేలు బార్‌ని పట్టుకుంటాయి, చూపుడువేలు బార్ మీద బరువుగా ఆనుతుంది. ఉంగరం వేలు లాగుతుంది. చిటికెన వేలు వెనక తీగల మీద ఆనించి ఉంచు, లేకపోతే బార్ వెనక ముక్క కూడా మోగుతుంది.

నట్టు_బోల్టు

ఒకే వేలితో రెండూ లాగడం గురించి. పక్కకి జరిపిన దూరం రెట్టింపైతే సాగుడు నాలుగింతలవుతుంది. రెండో తీగకి కావల్సిన ఆరున్నర మిల్లీమీటర్లు మూడోదాన్ని కూడా లాగితే దానికి అర స్వరం బదులు సుమారు ఒకటిన్నర స్వరం వస్తుంది. ఒకే వేలితో అది జరగదు. ఉంగరంతో రెండోది, మధ్యవేలితో మూడోది అంటే బార్ రెండు వేళ్ల మీద నిలబడాలి.

డల్లాస్_బాబాయ్

అందుకే చాలామంది రెండూ ఒకేసారి చేయరు. మూడోది ఒక్కటే లాగితే నాలుగో స్వరం వేలాడి మళ్లీ దిగుతుంది, అది చాలా పాటల్లో సరిపోతుంది. రెండోది ఒక్కటే లాగితే సిక్స్త్ కార్డ్. రెండూ కావల్సినచోట బార్ ఐదు ఫ్రెట్లు పైకి జరిపితే అదే నాలుగో కార్డ్ (ఈకి ఏ మేజర్) వస్తుంది, స్వరాల వరస వేరుగా ఉంటుంది అంతే. వినేవాళ్లకి మోసం తెలియదు.

పెడల్_పిచ్చి

ఇంత కష్టం ఎందుకు, బెండర్ మీటలు పెట్టించుకో. బ్రిడ్జి దగ్గర అరచేతితో నొక్కే మీట ఉంటుంది, హిప్‌షాట్, డ్యూసెన్‌బర్గ్ లాంటి కంపెనీలు చేస్తాయి. మరలతో ఎంత ఎత్తాలో ముందే కట్టేస్తావు, ఎప్పుడు నొక్కినా సరిగ్గా సీ షార్ప్ దగ్గరే ఆగుతుంది. వేలు కోసుకోదు, బార్ లేవదు, మొదటి ఫ్రెట్ మీద కూడా ఏడో ఫ్రెట్ మీద కూడా ఒకేలా. నట్టు చెప్పిన అర మిల్లీమీటరు మీట సులువుగా లాగేస్తుంది.

కోల్‌కతా_సరోజ

పనిచేస్తుంది కానీ కుడిచేతి పనిలోకి ఎడమచేతి పని వచ్చి కూర్చుంటుంది. ఫింగర్ పిక్స్ వేసుకుని మీటుతూ అరచేతి అంచుతో మీట నొక్కడం అలవాటయ్యేదాకా రెండూ పాడవుతాయి. పైగా ఓపెన్ ఈకి బిగించినది ట్యూనింగ్ మార్చితే మళ్లీ సరిచేయాలి.

పెడల్_పిచ్చి

అది నిజమే. కానీ ఎక్కడాగాలో తెలియని వేలు కన్నా అలవాటయ్యే అరచేయి మేలు.

వీణ_విజయనగరం

ఎక్కడాగాలో తెలియని వేలు అన్నారు కాబట్టి ఇందులో మాత్రం నేను మాట్లాడొచ్చు. వీణలో ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు లాగుతాం, ఆగాల్సిన చోటు వేలికి ఎవరూ గీత గీసి ఇవ్వరు. మేం చేసేది ఇదీ: ముందు ఆ స్వరాన్ని మామూలు మెట్టు మీద మీటి విని, వెంటనే కింది మెట్టు నుంచి లాగి దాన్ని అందుకోవడం. మీరు కూడా బార్ జరిపి సీ షార్ప్ విని, తిరిగి వచ్చి బీ నుంచి లాగి అదే స్వరం పట్టుకోండి. తంబురా యాప్ ఒకటి పక్కన పెట్టుకోండి. శ్రుతి కలిస్తే చెవికి చటుక్కున తెలుస్తుంది. ట్యూనర్ డబ్బా వైపు చూస్తూ చేస్తే కన్ను నేర్చుకుంటుంది, వేలు నేర్చుకోదు.

గుంటూరు_స్లైడ్

ఇది బాగుంది అక్కా. తంబురా ఈకి పెట్టి చూస్తా.

రాజమండ్రి_రాగాలు

కీబోర్డుతో వాయించేవాళ్లకి చిన్న హెచ్చరిక. తంబురాతో కలిపిన మూడో స్వరం కీబోర్డు దానికన్నా కాస్త కింద ఉంటుంది. ఇంట్లో తంబురాతో జీ షార్ప్ తియ్యగా ఉంటుంది, ఆదివారం చర్చిలో కీబోర్డు పక్కన దిగినట్టు ఉంటుంది. కీబోర్డు అన్న చూపు అప్పుడు కూడా అదే.

డల్లాస్_బాబాయ్

చాలామంది స్టీల్ వాళ్లు మూడో స్వరాన్ని కావాలనే కొంచెం దించి ట్యూన్ చేస్తారు. కీబోర్డు పక్కన కూర్చుంటే మాత్రం ట్యూనర్ చెప్పినట్టు వినక తప్పదు. బార్ చిన్న కంపనం ఇస్తే తేడా చాలావరకు దాగిపోతుంది.

బెజవాడ_బుల్లెట్

బార్ ఏది కొనాలి? నా దగ్గర గాడులున్న స్టీవెన్స్ రకం ఉంది, అందరూ బుల్లెట్ అంటున్నారు. పేరు చూసి నేను బుల్లెట్ పార్టీ అనుకోకండి, అది బండి.

డల్లాస్_బాబాయ్

నీదే బెండ్లకి ఇంకా అనుకూలం కావచ్చు. పక్కల గాడులున్నందుకు రెండు వేళ్లతో గట్టిగా పట్టు దొరుకుతుంది, ఉంగరం వేలికి స్వేచ్ఛ. బుల్లెట్ బార్ గుండ్రంగా ఉండి వేళ్లలో తిరుగుతుంది, కానీ బరువు ఎక్కువ, నాదం నిలుస్తుంది, ముందు కొన గుండ్రంగా ఉండటం వల్ల వాలు పట్టులకీ (బార్ ఏటవాలుగా పెట్టడం) ఒక్క తీగ మీద జారడానికీ బాగుంటుంది. ఏదైనా సరే అడుగు మెరుపు చెక్కుచెదరకుండా ఉండాలి. గీతలు పడ్డ బార్ కింద తీగ సాగినప్పుడు గీరుకున్న శబ్దం పికప్‌లో వినిపిస్తుంది.

కాకినాడ_కీస్

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. ఓపెన్ ఈ బదులు ఓపెన్ డీ పెట్టుకో. అవే బెండ్లు, ఒక స్వరం కింద. నా తీగలు సన్నవి కాబట్టి నేను ఈలోనే ఉంటా, అది వేరే విషయం.

నట్టు_బోల్టు

ఇది మంచి మాట, నేను ముందే చెప్పాల్సింది. అవే తీగలు ఒక స్వరం దించితే బిగువు 20 శాతం పైగా తగ్గుతుంది. సాగాల్సిన పొడవు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రెండూ కలిసి వేలు మీద బలం సుమారు 30 శాతం తగ్గుతుంది. తీగ సన్నం చేస్తే బలం ఒక్కటే తగ్గుతుంది, స్వరం దించితే బలమూ దూరమూ రెండూ తగ్గుతాయి. 0.015, 0.018 వేసుకుని డీలో ఉంటే బార్ కింద నిలబడే బిగువు మిగులుతుంది. గుంటూరు, నీకు నా ఓటు దీనికే.

గుంటూరు_స్లైడ్

డీలో పెడితే పాడే అమ్మాయికి ఈ కావాలి, అప్పుడేం చేయను?

బెజవాడ_బుల్లెట్

అమ్మాయిని దించు. శ్రుతిలో అంటున్నా.

డల్లాస్_బాబాయ్

రెండో ఫ్రెట్ మీద బార్ పెడితే ఈ. కానీ అక్కడ నట్ దగ్గర, బెండ్ కష్టం. 14వ ఫ్రెట్ మీదకి వెళ్లు, అదే ఈ ఒక అష్టకం పైన. అక్కడ బార్ వెనక కావల్సినంత తీగ ఉంది. ఖాళీ తీగలతో వచ్చే ఈ కార్డ్ మాత్రం వదులుకోవాలి.

హైదరాబాద్_డోబ్రో

ఆలస్యంగా వచ్చా. ఓపెన్ జీ వాళ్లకి (పైనుంచి డీ, బీ, జీ) ఇదే పని చేయాలంటే రెండో తీగ బీని సీకి అర స్వరం, ఒకటో తీగ డీని ఈకి పూర్తి స్వరం లాగాలి. ఒకటో తీగకి అవతల పక్క తీగ లేదు కాబట్టి దాన్ని బయటికి నెట్టొచ్చు కూడా, కానీ బోర్డు అంచు దాటితే బార్ కొన దాటిపోతుంది. నేను లోపలికే లాగుతా.

డోబ్రో రెజొనేటర్ (లోపల లోహపు కోన్‌తో నాదం పెంచే గిటార్) ఉన్నవాళ్లకి ఒక మాట. బ్రిడ్జి కింద కోన్ మీద బరువు సరిగా కూర్చోకపోతే ప్రతి లాగుడుకీ బ్రిడ్జి కిర్రుమంటుంది. దాన్ని నట్ తప్పుగా అనుకుని గాడి గీకేయకండి.

పెడల్_పిచ్చి

సీ6 ట్యూనింగ్ వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ల్యాప్ స్టీల్ వాయించేవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉంటారు కదా.

డల్లాస్_బాబాయ్

సీ6 పైనుంచి ఈ, సీ, ఏ, జీ, ఈ, సీ. అందులో మూడో తీగ ఏని బీ ఫ్లాట్‌కి అర స్వరం లాగు, సీ సెవెన్త్ వచ్చేస్తుంది. అక్కడినుంచి బార్ ఐదు ఫ్రెట్లు పైకి జారిస్తే ఎఫ్‌లో వాలుతుంది. 0.017 లేదా 0.018 తీగ, చుట్టు లేనిది. దూరం తక్కువ, ఐదో ఫ్రెట్ పైన ఎక్కడైనా సులువు. బార్ వెనక లాగడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఓపెన్ ఈ పూర్తి స్వరంతో వేలు కోసుకునే బదులు దీనితో మొదలుపెట్టండి.

గుంటూరు_స్లైడ్

నా దగ్గర పాత రెండో స్టీల్ ఒకటి మూలన ఉంది, దానికి సీ6 పెడతా. నాలుగో తీగ జీకి చుట్టు తీగ వేయాలా, చుట్టు లేనిదా?

డల్లాస్_బాబాయ్

దాన్ని లాగే ఆలోచన ఉంటే చుట్టు లేని 0.020. లేకపోతే 0.022 చుట్టుతో, నాదం కింది తీగలతో కలిసిపోతుంది.

నట్టు_బోల్టు

0.020 వేసే ముందు ఆ గాడి వెడల్పు చూసుకో. మళ్లీ ఇరుక్కుంటే మళ్లీ ఇక్కడికే వస్తావు.